రైతు భయస్తుడా? ఆరు పల్లెలు చెప్పిన సంగతి

(సిబ్బంది కుటుంబాల వార్షిక సమ్మేళనంలో, గ్రామీణ శాఖల్లో చాలాకాలం పనిచేసి రిటైరైన ఒక వ్యవసాయాధికారి చేసిన ప్రసంగ పాఠం)

ఉద్యోగులకంటే వారి ఇంటివారే ఎక్కువమంది కనిపిస్తున్నారు, చాలా సంతోషం. మొండి బకాయిలు, టార్గెట్ల జోలికి నేను పోను. ఆ మాటలు మీరు భోజనాల దగ్గర రోజూ వింటూనే ఉంటారు. ఈ పూట పల్లెల గురించి, పల్లెల్లో కాపురం పెట్టి వాటిని అధ్యయనం చేసినవాళ్ల గురించి చెబుతాను.

మన బ్యాంకులు పల్లెబాట పట్టడానికి మొదటి కారణమే ఒక సర్వే. 1951లో రిజర్వు బ్యాంకు గోర్వాలా గారి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 75 జిల్లాల్లో 600 పల్లెలు తిరిగి, రైతుకు అప్పు ఎక్కడ పుడుతోందని ఇంటింటా అడిగారు. 1954లో నివేదిక వచ్చింది. రైతు చేసే ప్రతి వంద రూపాయల అప్పులో డెబ్బై దాకా వడ్డీ వ్యాపారుల దగ్గరివే. సహకార సంఘాలిచ్చింది మూడు రూపాయలు. వాణిజ్య బ్యాంకులన్నీ కలిసి ఇచ్చింది ఒక్క రూపాయి కూడా కాదు! మరుసటి ఏడాదే ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకు అయింది. 1969లో పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ జరిగింది. ఆ తరువాతి కథ మీ ఇళ్లలో ట్రాన్స్‌ఫర్ల రూపంలో నడిచిందే కదా.

ఆ సర్వే అప్పు లెక్క తేల్చింది. కానీ అప్పు తీసుకునే మనిషి ఎలా ఆలోచిస్తాడు, వాన పడని ఏడు ఏం చేస్తాడు అన్నది ఒకసారి వచ్చి ఫారం నింపుకుని పోయేవాళ్లకు దొరకదు. పొలం తనిఖీకి జీపులో వెళ్లినవారికి ఈ సంగతి తెలుసు. మొదటిరోజు రైతు చెప్పేది మనం వినాలనుకున్న జవాబే.

ఆ లోటు తీర్చిన పని మన పక్కనే, పటాన్‌చెరులో మొదలైంది. అక్కడ 1972లో ఇక్రిశాట్ సంస్థ ఏర్పడింది. జొన్న, సజ్జ, కంది, శనగ వంటి మెట్ట పంటలకు మంచి వంగడాలు తయారు చేయడం దాని పని. అయితే వంగడం తయారు కావడం ఒక ఎత్తు, రైతు దాన్ని తన చేలో వేయడం ఇంకో ఎత్తు. అందుకని అక్కడి ఆర్థికవేత్తలు 1975లో ఆరు పల్లెలను ఎంచుకున్నారు. అప్పటి మన పాలమూరు జిల్లాలో ఔరేపల్లి, డోకూరు. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా షిరాపూర్, కల్మన్. అకోలా జిల్లా కాన్జరా, కిన్ఖేడా. ఒక్కో ఊళ్లో నలభై ఇళ్లు: పది కూలీలవి, పది చిన్న రైతులవి, పది మధ్యతరగతివి, పది పెద్ద రైతులవి. పల్లె వాతావరణంలో పెరిగి, ఆ ఊరి భాష వచ్చిన కుర్రాళ్లను అక్కడే కాపురం పెట్టించారు. వాళ్లు మూడు నాలుగు వారాలకొకసారి అవే ఇళ్లకు వెళ్లి విత్తనం, కూలి, తిండి, అప్పు, అమ్మకం అన్నీ రాసుకున్నారు. మూడు ఊళ్లలో ఇది పదేళ్లు ఆగకుండా సాగింది. అధికారి ఒక ఊళ్లో మూడేళ్లుంటే గొప్పనుకునే మనకు ఆ ఓపిక విలువ బాగా తెలుస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. చిన్న రైతు కొత్త విత్తనం వేయడు, ఎరువుకు డబ్బు పెట్టడు, బావికి అప్పు తీసుకోడు. ఎందుకు? 'భయస్తుడు, పాతకాలపు మనిషి' అనడం మనకు అలవాటు. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త అది ఎంత నిజమో చూద్దామని ఆ రైతులతోనే బొమ్మా బొరుసూ ఆడించాడు. ఉత్త ఆట కాదు, నిజం డబ్బు. ముందు అర్ధరూపాయి పందేలతో మొదలుపెట్టి, కొన్ని వారాల మీద మొత్తాన్ని పెంచుకుంటూ పోయాడు. యాభై రూపాయల పందెం ఇలా ఉంటుంది. ఏమాత్రం అపాయం వద్దనుకుంటే నాణెం ఎలా పడినా యాభై తీసుకోవచ్చు. కాస్త తెగిస్తే ఒకవైపు పడితే నలభై అయిదు, రెండోవైపు పడితే తొంభై అయిదు. అలా తెగువ పెరిగే కొద్దీ ఆశా పెరుగుతుంది, నష్టమూ పెరుగుతుంది. చివరి పందెంలో ఒకవైపు పడితే సున్న, రెండోవైపు పడితే రెండు వందలు. అప్పటి వ్యవసాయ కూలీకి యాభై అంటే ఎన్నో రోజుల కూలి.

ఏం తేలింది? పందెం పెద్దదైనకొద్దీ ఎక్కువమంది మధ్యస్థపు పందేలనే ఎంచుకున్నారు. పూర్తి పిరికివాళ్లూ తక్కువే, తెగించినవాళ్లూ తక్కువే. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. పదెకరాల ఆసామి, ఎకరం రైతు ఈ విషయంలో పెద్దగా తేడా చూపలేదు. మరి పొలంలో ఆ ఇద్దరూ వేరు వేరుగా ఎందుకు పెట్టుబడి పెడుతున్నారు? 1980లో వచ్చిన తన వ్యాసంలో బిన్స్‌వాంగర్ చెప్పింది ఇది: తేడా మనసులో లేదు, అందుబాటులో ఉంది. ఒకరికి అప్పు పుడుతుంది, మార్కెట్టు దొరుకుతుంది, సలహా అందుతుంది. ఇంకొకరికి అవి అందవు. బ్యాంకువాళ్లకు ఇది అంత వినసొంపైన ఫలితం కాదు. రైతు భయస్తుడైతే తప్పు అతనిది. అప్పు అందకపోతే అది మన కౌంటరు దగ్గరి విషయం.

పెద్ద అప్పు దొరకని మనిషి తన బీమా తానే చేసుకుంటాడు. ఔరేపల్లి ఎర్రనేలల్లో జొన్న, సజ్జ, కంది కలిపి విత్తేవారు. జొన్న పోతే కంది అయినా నిలుస్తుందని. మూడు చోట్ల మూడు చెక్కలున్న రైతును చూసి మనం 'ఒకచోట ఉంటే ఎంత బాగుండేది' అంటాం. వాన ఎద్దుకు ఒక కొమ్ము తడిపి ఇంకో కొమ్ము వదిలేసే చోట ఆ మూడు చెక్కలే అతని ధైర్యం.

ఆడవాళ్లు ఆసక్తిగా వినవలసిన సంగతి ఒకటుంది. రోజెన్‌జ్వైగ్, స్టార్క్ అనే ఇద్దరు 1989లో ఈ పల్లెల లెక్కలే తీసుకుని పెళ్లి సంబంధాలను పరిశీలించారు. రాబడి ఎక్కువగా ఒడిదొడుకులకు లోనయ్యే ఇళ్లవారు కూతుళ్లను దూరం ఊళ్లకు ఇచ్చే మొగ్గు కనిపించింది. అలా దూరపు వియ్యాలున్న ఇళ్లలో, పంట పోయిన ఏడు కూడా తిండి ఖర్చు అంతగా పడిపోలేదు. మన ఊళ్లో కరువైతే వియ్యాలవారి ఊళ్లో పంట ఉండవచ్చు కదా. ఆడపిల్లకు పుట్టిల్లు దూరమవడంలో ఇంత లెక్క ఉందని ఆ పిల్లకు ఎవరైనా చెప్పారో లేదో!

ఎడ్ల కథ ఇంకా కష్టం. రోజెన్‌జ్వైగే వోల్పిన్‌తో కలిసి 1993లో రాసిన వ్యాసం ప్రకారం, మంచి ఏడు ఎడ్లు కొంటారు, చెడ్డ ఏడు తిండికోసం అమ్ముతారు. అమ్మిన మరుసటి తొలకరికి దున్నే జత ఉండదు. కాబట్టి ఒక్క కరువు రెండేళ్ల పంటను తింటుంది. పంట నష్టం 33 శాతమో, అంతకన్నా ఎక్కువో అయితే రుణం తిరగరాసి వ్యవధి పెంచమని 2018 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనలు చెప్పాయి. ఆ కాగితం రైతు చేతికి ఎప్పుడు అందుతుందన్నదే నాకు ముఖ్యం. ఎడ్లు సంతకు పోకముందు అందితే అది సాయం. పోయిన తరువాత అందితే మన రికార్డు మాత్రం సక్రమంగా ఉంటుంది. ఇప్పుడు ఎడ్లకు బదులు గేదె పోతుంది, పుస్తెలతాడు తాకట్టుకు వస్తుంది. మన బ్రాంచిలోనే, పక్క కౌంటరుకే వస్తుంది. బంగారు రుణాలు హఠాత్తుగా పెరిగిన నెలలో పంట రుణాల జాబితా ఒకసారి తిరగేయమని నేను కుర్ర అధికారులకు చెబుతుండేవాణ్ణి.

ఊరు ఆదుకోదా అని మీరడగవచ్చు. కొంతవరకు ఆదుకుంటుంది. రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఔరేపల్లి, షిరాపూర్, కాన్జరాల లెక్కలు చూశాడు. ఒక ఇంటి తిండీబట్టా ఆ ఇంటి రాబడికంటే ఊరంతటి సగటుతోనే ఎక్కువగా పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయట. చేబదుళ్లు, ధాన్యం అప్పులు, చుట్టరికాలు అంత పని చేస్తున్నాయన్నమాట. ఆ మూడింటిలో ఒక ఊళ్లో భూమిలేనివారికి మాత్రం ఆ నీడ పలచన. ఊరంతా ఒకేసారి ఎండినప్పుడు ఎవరికీ ఉండదు. బయటి డబ్బు కావలసింది అప్పుడే.

2001లో ఆ ఊళ్లకు మళ్లీ వెళ్లారు. 2009 నుంచి తూర్పు భారతం, బంగ్లాదేశ్ పల్లెలను కూడా కలుపుకున్నారు. పాత ఊళ్లలో సేద్యంతోపాటు బయటి కూలి, చిన్న ఉద్యోగం, వలస డబ్బు ఇంటి రాబడిలో పెద్ద భాగమయ్యాయి. మన దరఖాస్తులో మాత్రం ఇంకా సర్వే నంబరు, పంట పేరే ముందుంటాయి.

ఒకటి మాత్రం మారింది. పంట ఖర్చు వేరు, ఇంటి ఖర్చు వేరు అని మనం చాలాకాలం గీత గీశాం. పంట రుణం బియ్యానికి వాడితే దుర్వినియోగం అని రాశాం. ఆ పల్లెల్లో ఏ ఇల్లాలిని అడిగినా సంచీ ఒక్కటే అని చెప్పి ఉండేది. 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు వచ్చింది. 2012లో దాన్ని సవరించినప్పుడు పంట పరిమితి మీద పది శాతం కోతానంతర ఖర్చులకు, ఇంటి అవసరాలకు కలిపారు. ఇరవై శాతం పనిముట్ల మరమ్మతుకు కలిపారు. ఈ పది శాతం సంగతి కార్డున్న రైతులందరికీ తెలియదు. ఈసారి మీ ఇంటికి పాలు పోసే ఆమెకో, మీ సొంతూళ్లో బాబాయికో కార్డు ఉంటే, ఆ పరిమితి లెక్క ఎలా కట్టారో బ్రాంచిలో అడిగి తెలుసుకోమని చెప్పండి.

ఇక మీ ప్రశ్నలు వింటాను. వెనక వరుసలో ఆ అమ్మాయి ఇందాకటినుంచి చెయ్యెత్తే ఉంది. ముందు ఆమె అడగాలి.