సాంటొరిని శ్వేతాసవము – దాని కనువైన భోజనము



ఏ పానీయమునకు ఏ భోజ్యము తగునో నిర్ణయించువారు సామాన్యముగా నాలుకనే ప్రమాణముగా గొందురు గాని, ఆ రెండును ఏ నేలలో మొలచి ఏ గాలికి పెరిగినవో విచారించినచో ఆ నిర్ణయము మరింత సుకరమగునని నా విశ్వాసము. ఇందులకు నిదర్శనముగా, గ్రీసుదేశపు ఏజియన్ సముద్రమధ్యమందలి సాంటొరిని ద్వీపమున పుట్టెడి తెల్లని ద్రాక్షాసవమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని.

క్రీస్తుపూర్వము 1600 ప్రాంతమున అగ్నిపర్వతము బ్రద్దలై ద్వీపమధ్యము సాగరమున గ్రుంకగా, శేషించిన భూమిని బూడిదయు నురుగురాళ్లును కప్పివైచినవి. 1967లో స్పిరిడాన్ మరినాతోస్ త్రవ్వింప నారంభించిన అక్రోతిరి పట్టణము ఆ బూడిదక్రిందనే పూడియుండెను. బంకమన్ను లేని ఈ నేలలో, పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా ద్రాక్షతోటలను నాశనమొనర్చిన ఫిలోక్సెరా అను వేరుపురుగు నిలువజాలకపోయినందున, అచటి తీగలు నేటికిని అంటు లేక స్వీయమూలములపైననే జీవించుచున్నవి. వేసవియందు వాన యుండదు. ఉత్తరమునుండి మెల్తెమి యను గాలి ఉద్ధృతముగా వీచును. కావున కృషీవలుడు తీగను పందిరికెక్కింపక, ఏటేట నేలపైననే గంపవలె చుట్టుచుబోగా, గుత్తులు దాని గర్భమున దాగి గాలికిని ఎండకును చిక్కక పండును. రాత్రివేళ సముద్రమునుండి క్రమ్ము మంచును సచ్ఛిద్రములైన రాళ్లు పీల్చి వేళ్లకందించును. గంప ముదిరినప్పుడు దానిని నరికివైతురు. అదే వేరునుండి క్రొత్తచిగురు లేచును.

ఆ ద్రాక్షజాతి పేరు అసీర్తికో. ఎండలు ముదిరినకొలది ద్రాక్షపండ్లలో తీపి పెరిగి పులుపు తరుగుట లోకసామాన్యమైనను, ఇది మాత్రము తీపితోపాటు పులుపును విడువక నిలుపుకొనును. నేలలో పొటాషియము మిక్కిలి కొరతగా నుండుట దీనికి తోడ్పడుచున్నదని తజ్ఞులందురు. అథిరి, ఐదాని యను జాతులను కొలదిగా చేర్చుటయు కలదు. 1971లో ప్రదేశనామరక్షణము పొందిన ఈ వైనునందు నిమ్మతొక్క వాసనయు, తడిరాతి స్పర్శయు, సన్నని ఉప్పదనమును గోచరించును.

ఇక భోజనము. ద్వీపవాసుల నిత్యాహారమగు ఫావా, పేరు వేరైనను, మనకు క్రొత్తది కాదు. అది మన కేసరిపప్పునకు దాయాదియైన లాథిరస్ జాతి గింజలను ఉల్లితో మెత్తగా నుడికించి మెదిపిన పప్పే. దానిపై ఆలివునూనె పోసి, పచ్చియుల్లియు, ఊరవేసిన కేపరు మొగ్గలును చల్లి, నిమ్మరసము పిండుదురు. ఆ నిమ్మరసము చేయు పనినే ఈ వైను చేయును: పప్పుయొక్క మందమును నూనెయొక్క జిడ్డును కడిగి, తరువాతి ముద్దకు నాలుకను సిద్ధపరచును. నీటితడి లేక పండిన చిన్నటొమాటోలను పుదీనాతో కలిపి వేయించిన వడలు, గింజలు తక్కువైన తెల్లవంకాయ, నిప్పులపై కాల్చిన ఆక్టోపస్, మేకపాల పచ్చిజున్ను – ఇవన్నియు దీనికి సహజమిత్రములు. వీనిలో ఫావాకే నేను అగ్రతాంబూల మిత్తును.

మన మిరపకారపు పులుసులకు మాత్రము ఇది తగదు. నూటికి పదమూడు పదునాలుగు పాళ్ల మద్యసారము గల వైను మిరపమంటను రెచ్చగొట్టును. మధురభక్ష్యములకును ఇది పనికిరాదు. వానికై ఎండబెట్టిన ద్రాక్షలతో విన్‌సాంతో అను తీయని వైనును ఆ ద్వీపమే వేరుగా చేయుచున్నది.

తరతరములు శ్రమించి పెంచిన ఆ తోటలను నేడు యాత్రికులకై లేచుచున్న వసతిగృహములు ఆక్రమించుచున్నవనుట నాకు మిక్కిలి పరితాపకరము. తీగ నరికిన చోట కట్టడము లేచినచో ఆ వేరు మరల రాదు. మీలో నెవరైనను ఆ ద్వీపమునకేగినచో, సూర్యాస్తమయమును చూచి మరలిపోక, తోటలలో నొకసారి తిరుగుడు. అచటి ఫావాను అచటి వైనుతో నడిగి పుచ్చుకొనుడు. మద్యము ముట్టనివారు నిమ్మరసము పిండుకొని భుజింపుడు.