రెండు మీటర్ల దూరం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

గలాపగోస్ యాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. ఆ దీవులు ఈక్వడార్ దేశానికి పడమరగా, పసిఫిక్ మహాసముద్రంలో సుమారు 1,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. సముద్రం అడుగున అగ్నిపర్వతాలు రగిలి, లావా గడ్డకట్టి పైకి లేచిన నేల అది. ఈదుకుంటూనో, ఎగిరో, అలల మీద కొట్టుకొచ్చో చేరినవే అక్కడి జీవులు. పులులు, నక్కలు చేరలేదు. అందుకే వాటికి మనిషిని చూసి పారిపోవడం తెలియదు. 1835లో వచ్చిన డార్విన్, తుపాకీ కొనతో ఒక డేగను కొమ్మ మీంచి తోశానని రాసుకున్నాడు.

ఆ భయం లేకపోవడమే వాటి కొంప ముంచింది. తిండీ నీళ్లూ లేకుండా నెలల తరబడి బతికే రాక్షస తాబేళ్లను తిమింగలాల వేటగాళ్లు మాంసం కోసం ఓడల్లో దొంతరలుగా పేర్చుకుపోయారు. ఎస్పన్యోలా దీవిలో చివరికి రెండు మగవి, పన్నెండు ఆడవి మిగిలాయి. శాన్ డియాగో జూ నుంచి మరో మగదాన్ని తెచ్చి కలిపి, దశాబ్దాల పాటు పిల్లల్ని పెంచి దీవిలో వదిలారు. 2020లో ఆ పదిహేనింటినీ సొంత దీవికి చేర్చారు. పింటా దీవి జాతికి ఆ అదృష్టం లేదు. దానిలో చివరిదైన ‘లోన్సమ్ జార్జ్’ 2012లో చనిపోయింది.

ఇప్పుడక్కడ నియమాలు గట్టివి. ఒక్కో గైడు వెంట పదహారు మందికి మించకూడదు. బాట దిగకూడదు. ఏ జంతువుకైనా రెండు మీటర్ల దూరంలో ఉండాలి. ఒకచోట సీలయన్ పిల్ల ఒకటి మా మిత్రుడి బూటు వాసన చూడ్డానికి తనంతట తానే వచ్చింది. ‘‘అదొచ్చినా సరే, వెనక్కి జరగాల్సింది మీరే’’ అన్నాడు గైడు. ముద్దు చేయాలని అందరికీ చేతులు లాగేశాయి. అయినా పదహారు మందిమీ వెనక్కి జరిగాం.

ఇంజినీరుగా నా జీవితమంతా ఏం చేయగలమన్న లెక్కల్లోనే గడిచింది. చేయగలిగీ ఆగడం కూడా ఒక విద్యేనని అక్కడ అర్థమైంది. నమ్మి దగ్గరకొచ్చిన ప్రాణికి మనమిచ్చే రక్షణ ఆ రెండు మీటర్లే.

పిల్లలూ, దీన్ని చూడ్డానికి అంత దూరం పోనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా కొంగలు, గూడబాతులు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటి జోలికి పోరు. ఒకసారి వెళ్లి చూడండి. కాస్త దూరంగా నిలబడి చూడండి.

సెలవు.