అరికాల్లో పుట్టుమచ్చ



పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టుమచ్చలు రాస్తారు. కుడి చెంప మీద ఒకటి, ఎడమ చేతి మీద ఒకటి. మనిషిని గుర్తుపట్టడానికి అవి పనికొస్తాయి. అరికాల్లో మచ్చను మాత్రం ఎవరూ రాయించరు. అది ఉంటే ఊళ్లు తిరుగుతారని పెద్దవాళ్లు అంటారు, అంతే.

పుట్టుమచ్చలు అందరికీ ఉంటాయి. చాలావాటివల్ల ఏ హానీ లేదు. కానీ ఏ కొద్దిమందికో మచ్చలో కేన్సరు పుడుతుంది. కొందరికి మచ్చ లేనిచోట కొత్తగా నల్లమచ్చలా వస్తుంది. తెల్లవాళ్ల దేశాల్లో ఈ జబ్బు ఎక్కువ. వాళ్ల చర్మం ఎండకు తట్టుకోదు. మనకు తక్కువే. అయితే మనలాంటివాళ్లకు వస్తే తరచుగా ఎండ తగలని చోట వస్తుంది. అరికాలు, అరచెయ్యి, గోరు కింద.

రేపల్లె, బాపట్ల వైపు నాట్లు వేసే ఆడవాళ్లు రోజంతా బురదలో ఉంటారు. కాలికి ముల్లు గుచ్చుకుంటుంది. గోరు చితుకుతుంది. అందుకే నల్లమచ్చ కనబడితే "ముల్లు విరిగిందిలే" అనుకుంటారు. నొప్పి కూడా ఉండదు మరి! దెబ్బ తగిలిన నలుపు, గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగి పోతుంది. పోకుండా వెడల్పవుతుంటే డాక్టరుకు చూపించాలి.

జమైకా దేశంలో బాబ్ మార్లే అని పేరున్న గాయకుడు ఉండేవాడు. కాలి బొటనవేలి గోరు కింద మచ్చ వచ్చింది. ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో కేన్సరని తేలింది. వేలు తీసెయ్యాలని డాక్టర్లు అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. 1981లో చనిపోయాడు. అప్పటికి వయసు 36 ఏళ్లే.

మచ్చ ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా ఉందా? అంచు వంకరటింకరగా ఉందా? రెండు మూడు రంగులున్నాయా? పెన్సిలు వెనక రబ్బరు కంటే, అంటే 6 మిల్లీమీటర్ల కంటే పెద్దదా? అన్నిటికంటే ముఖ్యం, మారుతోందా? దురద, రక్తం, మానని పుండు ఉన్నా ఆలస్యం చెయ్యొద్దు.

కొందరు సున్నం, సోడా పెట్టి మచ్చను కాలుస్తారు. అది చాలా తప్పు. పైన మాడిపోతుంది, లోపలిది అలాగే ఉంటుంది. డాక్టరుకు అసలు మచ్చ కనబడదు. ముదిరితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. అప్పుడు వైద్యం కష్టం. మొదట్లోనే కోసి తీసేస్తే చాలామందికి నయమవుతుంది.

తెనాలిలో, బాపట్లలో ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి. అవసరమైతే గుంటూరు పెద్దాసుపత్రికి పంపుతారు. అక్కడ మచ్చను గానీ, అందులో చిన్న ముక్కను గానీ తీసి పరీక్ష చేస్తారు. దాన్ని బయాప్సీ అంటారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని ఊళ్లో అంటారు. అది నిజం కాదు.

తలంటుకున్న రోజున పాదాలు కడిగి చూసుకోండి. వీపు కనబడదు కాబట్టి కూతుర్నో కోడల్నో చూడమనండి. నోటుపుస్తకంలో పాదం బొమ్మ గీసి, మచ్చ ఉన్నచోట చుక్క పెట్టండి. పక్కన తేదీ రాయండి. "ఇది ఎప్పట్నుంచి ఉందమ్మా?" అని డాక్టరు మొదట అడిగేది అదే.