రంగం నుంచి నడిచి వచ్చినవాళ్ళు



1941 డిసెంబర్ 23, మంగళవారం. పొద్దెక్కుతున్న వేళ రంగూన్ నగరం మీద జపాన్ విమానాలు కనిపించాయి. ఆ నగరానికి అంతవరకు బాంబంటే ఏమిటో తెలియదు. సైరన్ మోగినా చాలామంది దాక్కోలేదు. వీధుల్లో నిలబడి, తలెత్తి, ఆకాశంలో విమానాలు ఒకదాన్నొకటి తరుముకోవడం చూస్తూ ఉండిపోయారు. బాంబులు రేవు మీద, రేవు పక్కన కూలీలు నివసించే ఇరుకు వీధుల మీద పడ్డాయి. ఆ ఒక్కరోజున చనిపోయినవాళ్ళు వెయ్యికి పైగా అని కొందరు, రెండువేలు దాటారని కొందరు అంచనా కట్టారు. రెండు రోజుల తరవాత, సరిగ్గా క్రిస్మస్ నాడు, విమానాలు మళ్ళీ వచ్చాయి.

ఆ రేవులో ఓడల్లోంచి సరుకు దించేవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. ఈ సంగతి యుద్ధ చరిత్రల్లో దాదాపు కనిపించదు. అందుకే ఈ రోజు మీతో ఈ విషయం మాట్లాడాలనుకున్నాను.

వాళ్ళు అక్కడికి ఎలా చేరారో ముందు చెప్పాలి. బ్రిటిష్ వాళ్ళు బర్మాను మూడు యుద్ధాల్లో ముక్కలు ముక్కలుగా గెలిచి, 1886 నాటికి పూర్తిగా భారత సామ్రాజ్యంలో కలిపేసుకున్నారు. ఐరావతి నది డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. ఆ వరికి కోతలకు, మిల్లులకు, పడవలకు, ఓడలకు మనుషులు కావలసి వచ్చారు. ఇటు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో వానలు తప్పితే తిండి లేదు. చేతిలో భూమి లేనివాళ్ళకు వానలు కురిసినా లేదు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల్లో ఆవిరి ఓడ ఎక్కితే నాలుగైదు రోజుల్లో అవతలి ఒడ్డు. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అన్నారు. రంగం వెళ్ళడం అన్నది ఉత్తరాంధ్ర పల్లెల్లో పొలం పనికి వెళ్ళడమంత మామూలు మాటయింది. కాకినాడ దగ్గర కోరంగి పాత ఓడరేవు కాబట్టి బర్మాలో తెలుగు కూలీని కొరంగీ అనేవారు. ఆ పిలుపులో చిన్నచూపు ఉండేది.

వెళ్ళేవాళ్ళకు ఓడ ఖర్చు మేస్త్రీ పెట్టేవాడు. ఊళ్ళోనే కొంత బయానా ఇచ్చేవాడు. అక్కడ దిగింది మొదలు ఆ బాకీ తీరేదాకా కూలివాడు మేస్త్రీ చేతిలో మనిషి. కూలి డబ్బు కంపెనీ నుంచి పెద్ద మేస్త్రీకి, అతని నుంచి చిన్న మేస్త్రీకి, అక్కడి నుంచి కూలికి చేరేసరికి సగం ఆవిరయ్యేది. అయినా వెళ్ళారు. ఒకటి రెండేళ్ళు కష్టపడి కొంత మిగుల్చుకుని వచ్చి పెళ్ళి చేసుకుని, మళ్ళీ ఓడెక్కేవాళ్ళు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సుమారు 4 లక్షల మంది ఉంటే అందులో సగానికి పైన భారతీయులు. బర్మా మొత్తం మీద భారతీయులు పది లక్షలు, వారిలో తెలుగు మాట్లాడేవాళ్ళు సుమారు లక్షన్నర.

బర్మా ప్రజల వైపు నుంచి కూడా ఇది చూడాలి. తమ దేశ రాజధానిలో తామే మైనారిటీ అయ్యారు. 1930ల ప్రపంచ మాంద్యంలో ధాన్యం ధర కుప్పకూలింది, రైతుల భూములు వడ్డీవ్యాపారుల చేతికి పోయాయి. కోపం ఎవరి మీద చూపించాలి? తెల్లదొర అందడు. రేవులో మూటలు మోసే కొరంగీ అందుతాడు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడ కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళను పనిలో పెట్టాయి. సమ్మె తీరగానే ఆ బర్మావాళ్ళను పొమ్మన్నాయి. మే 26న అది కొట్లాటగా మారి నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. చచ్చినవాళ్ళలో అత్యధికులు తెలుగు కూలీలు. పేదవాడికీ పేదవాడికీ మధ్య ఆ నిప్పు పెట్టింది కంపెనీల లాభాపేక్ష అని నేను గట్టిగా నమ్ముతాను. 1937లో బర్మాను భారతదేశం నుంచి వేరు చేశారు. 1938లో మళ్ళీ అల్లర్లు జరిగాయి. అంటే 1941 డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడేనాటికే అక్కడి మనవాళ్ళు భయంతో బతుకుతున్నారు. సర్కారు బలహీనపడిన క్షణాన తమను కాచేవాడు ఉండడని వాళ్ళకు తెలుసు.

అందుకే బాంబులు పడగానే వేలాదిమంది రేవు వదిలి ఉత్తరానికి, ప్రోమ్ పట్టణం వైపు నడక మొదలుపెట్టారు. రేవు స్తంభించిపోయింది. యుద్ధ సామగ్రితో వచ్చిన ఓడలు సరుకు దించే దిక్కులేక నిలిచిపోయాయి. అప్పుడు గాని అధికారులకు ఈ కూలీల విలువ తెలియలేదు. తిరిగి రమ్మని బతిమాలారు, భరోసాలిచ్చారు, చాలామందిని వెనక్కి తీసుకొచ్చారు. ఓడ డెక్కు మీద ప్రయాణించే కూలి మగవాళ్ళు దేశం దాటిపోకుండా ఆంక్షలు పెట్టారు. ఓడలు నడుస్తున్న ఆ రెండు నెలల్లోనే వాళ్ళను స్వేచ్ఛగా పంపించి ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కేవో! సముద్రం మీద బయటపడిన వాళ్ళు మొత్తం సుమారు 70 వేలు. టిక్కెట్టు కొనగలిగినవాళ్ళు ముందు వెళ్ళారు. 1942 మార్చి 8న జపాన్ సైన్యం రంగూన్‌లో అడుగుపెట్టింది. అంతకు ముందు రోజే బ్రిటిష్ వాళ్ళు నగరం ఖాళీ చేసి, తమవెంట తీసుకుపోలేని వాటిని తగలబెట్టి వెళ్ళిపోయారు.

మిగిలినవాళ్ళకు కాళ్ళే దిక్కయ్యాయి.

మూడు దారులు ఉండేవి. మొదటిది ప్రోమ్ దగ్గర ఐరావతి దాటి, అరకాన్ కొండల్లో తౌంగప్ కనుమ మీదుగా సముద్రతీరానికి చేరి, అక్కడి నుంచి పడవల్లో అక్యాబ్‌కి, చిట్టగాంగ్‌కి పోవడం. నూరు మైళ్ళకు పైగా కొండదారి. నీళ్ళు లేవు. ప్రోమ్‌లో గుమిగూడిన జనంలో కలరా పుట్టి, దారి పొడుగునా వాళ్ళతోనే నడిచింది. రంగూన్ నుంచి బయల్దేరిన మనవాళ్ళలో చాలామందికి దగ్గర దారి ఇదే. లక్షమందికి పైగా ఈ దారిన వచ్చారు.

రెండోది మాండలే దాకా పోయి, చింద్విన్ నది దాటి, తము మీదుగా మణిపూర్‌కి, అక్కడి నుంచి దిమాపూర్ రైలు స్టేషన్‌కి చేరడం. ఇక్కడ జరిగిన అన్యాయం ఆ రోజుల్లోనే దేశమంతా తెలిసింది. తెల్లవాళ్ళకు, ఆంగ్లో ఇండియన్లకు ఒక దారి, నల్లవాళ్ళకు ఒక దారి అని విడదీశారు. తెల్లదారిలో మజిలీలు, తిండి, మోసేవాళ్ళు. నల్లదారి నిటారుగా, ఎక్కువ దూరంగా, నీళ్ళ కరువుతో ఉండేది. వైస్రాయ్ కౌన్సిల్‌లో విదేశీ భారతీయుల శాఖ చూసిన మాధవ శ్రీహరి అణే ఈ వివక్షను ప్రశ్నించారు. గాంధీజీ తన పత్రికలో రాశారు. జూలై 14న వార్ధాలో కాంగ్రెస్ చేసిన తీర్మానంలో మలయా, సింగపూర్, బర్మాలలో జరిగినది మనకు జరగకూడదన్న మాట ఉంది. క్విట్ ఇండియాకు దారితీసిన కోపంలో ఈ కాలినడక పాలు చాలా పెద్దది. మన స్వాతంత్ర్యోద్యమ చరిత్రలు ఆ పాలును తగినంతగా గుర్తించలేదనే బాధ నాకుంది.

మూడోది అన్నిటికంటే ఘోరమైనది. ఉత్తరాన మిచినా పట్టణం మే 8న జపాన్ చేతికి పోయాక, అక్కడ చిక్కుకున్నవాళ్ళు హుకాంగ్ లోయలోకి దిగారు. పాంగ్సౌ కనుమ దాటితే అస్సాంలోని లీడో. అప్పటికే వానలు మొదలయ్యాయి. మోకాలి లోతు బురద, జలగలు, మలేరియా, పొంగే ఏళ్ళు. అస్సాం తేయాకు తోటల యజమానుల సంఘం తోట కూలీలను తెచ్చి దారి పొడుగునా మకాములు వేయించి, అన్నం వండించి పెట్టింది. ఆ సాయం ఎందరినో బతికించింది. అయినా మరుసటి ఏడాది సైన్యాలు అదే దారిన తిరిగి బర్మాలోకి వెళ్ళినప్పుడు, పాడుబడ్డ పాకల్లో వరసగా అస్థిపంజరాలు కనిపించాయి.

మొత్తం నాలుగైదు లక్షల మంది భారతదేశం చేరారని అంచనా. దారిలో చనిపోయినవాళ్ళు? పది వేలని ఒక లెక్క, యాభై వేలని మరో లెక్క, అంతకన్నా ఎక్కువని ఇంకొకరు. పదికీ యాభైకీ మధ్య ఉన్న ఆ నలభై వేల మంది గురించి ఒక్క క్షణం ఆలోచించండి. వాళ్ళు ఉన్నారో లేరో కూడా ఎవరూ తేల్చలేదు.

బతికినవాళ్ళు చిట్టగాంగ్ నుంచో దిమాపూర్ నుంచో రైళ్ళలో కలకత్తా చేరి, బెంగాల్ నాగపూర్ రైలు మార్గంలో వాల్తేరు వైపు వచ్చారు. వచ్చేసరికి ఇక్కడేముంది? 1942 ఏప్రిల్ 5న జపాన్ నౌకాదళం కొలంబో మీద దాడి చేసింది. మర్నాడు, ఏప్రిల్ 6న, ర్యుజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రెండు మూడు రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్య నౌకలు మునిగాయి. విశాఖలో ప్రాణనష్టం తక్కువే, భయం మాత్రం అపారం. జనం బళ్ళు కట్టుకుని పల్లెలకు పోయారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు తరలింది, దాని భవనాలు సైన్యానికి ఇచ్చారు. మద్రాసులో లక్షల మంది ఊరు ఖాళీ చేశారు, ప్రభుత్వ కార్యాలయాలు కూడా లోపలి పట్టణాలకు వెళ్ళిపోయాయి. జపాన్ సైన్యం మన తీరాన దిగనే లేదు. రంగంలో బాంబులకు పారిపోయి వచ్చినవాడికి మాత్రం సొంత ఊరు చేరాక కూడా అదే విమానం చప్పుడు.

బర్మా పడిపోవడంతో బర్మా బియ్యం ఆగిపోయింది. యుద్ధానికి ముందు ఆ దేశం ఏటా సుమారు 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసేది, అందులో దాదాపు సగం మనకే వచ్చేది. 1943 బెంగాల్ కరువుకు కారణాలు చాలా ఉన్నాయి. శత్రువు చేతికి చిక్కకూడదని సర్కారే పడవలు లాక్కోవడం, ధరలు ఆకాశాన్ని అంటడం, తుపాను, పాలకుల నిర్లక్ష్యం. బర్మా బియ్యం రాకపోవడం అందులో ఒకటి. దాదాపు 30 లక్షల మంది ఆకలితో, ఆకలి వెంట వచ్చిన జబ్బులతో చచ్చిపోయారు. రంగం పోయి బియ్యం పండించే పనిలో చెమటోడ్చినవాళ్ళు, తిరిగొచ్చి ఇక్కడ రేషన్ బియ్యం కోసం వరసలో నిలబడ్డారు.

తిరిగి రాలేక ఆ ఒడ్డునే, మలయాలో కూడా, మిగిలిపోయినవాళ్ళ సంగతి మరొకటి. మలయా రబ్బరు తోటల్లో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ పనిచేసేవారు. జపాన్ సైన్యం సయామ్ (నేటి థాయ్‌లాండ్) నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలు దారి వేయడానికి ఆ తోటల నుంచి కూలీలను ఆశపెట్టి కొంత, బలవంతంగా కొంత తీసుకుపోయింది. 1943 అక్టోబర్‌లో పట్టాలు కలిశాయి. యుద్ధ ఖైదీలు పన్నెండు వేలకు పైగా చనిపోయారు, ఆసియా కూలీలు సుమారు 90 వేలని అంచనా. ఖైదీల సమాధులు నేటికీ కాంచనబురిలో, థాన్‌బ్యుజాయత్‌లో పచ్చటి గడ్డి మధ్య పేరు పేరునా ఉన్నాయి. అలా ఉండటం న్యాయమే. రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకం మీద సమాధి దొరకని సైనికుల పేర్లు సుమారు 27 వేలు చెక్కారు, వారిలో మన దేశపు సైనికులు చాలామంది. కూలీలకు మాత్రం అలా పేరు పేరునా చెక్కిన రాయి ఎక్కడా లేదు.

1945 మే నెలలో రంగూన్ మళ్ళీ బ్రిటిష్ చేతికి వచ్చింది, ఆగస్టులో యుద్ధం ముగిసింది. చరిత్ర పుస్తకం అక్కడ పేజీ తిప్పుతుంది. ఉత్తరాంధ్ర కుటుంబాలకు యుద్ధం తరవాతి కథ ఇంకో ఇరవై ఏళ్ళు నడిచింది. పాకలు, దాచుకున్న డబ్బు, కొందరి విషయంలో అక్కడి భార్యాపిల్లలు అన్నీ ఆ ఒడ్డున ఉన్నాయి. చాలామంది మళ్ళీ వెళ్ళాలనుకున్నారు. 1947లో బర్మా ప్రభుత్వం కొత్త వలస చట్టం తెచ్చి, అనుమతి పత్రం లేనిదే రానివ్వనంది. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయింది. ఆ తరవాత పౌరసత్వం కాగితాలు అడిగారు. ఓడ డెక్కు మీద వచ్చిన తాతకు కాగితమెక్కడిది?

1962 మార్చి 2న సైనికాధిపతి నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశాడు, మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నాడు. అప్పుడు మొదలైంది రెండో వలస. ఈసారి కాలినడక తప్పింది, భారత ప్రభుత్వం ఓడలు పంపింది. ఆ దశాబ్దంలో సుమారు 3 లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. తెలుగువాళ్ళు ఎక్కువమంది విశాఖ రేవులో దిగారు. కట్టుబట్టలతో దిగినవాళ్ళే ఎక్కువ. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట వాళ్ళతోనే వెలిసింది. వాళ్ళలో ఎందరో బర్మాలో పుట్టి బర్మాలో పెరిగినవాళ్ళు. అక్కడ కొరంగీలనిపించుకున్నారు, ఇక్కడ బర్మావాళ్ళనిపించుకున్నారు.

అందరూ రాలేదు. మౌల్మేన్ ప్రాంతంలో, రంగూన్‌లో ఈ రోజుకీ తెలుగు కుటుంబాలున్నాయి. రామమందిరాలు కట్టుకున్నారు. పిల్లలకు తెలుగు అక్షరాలు తామే నేర్పుకుంటున్నారు.

ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో రంగం వెళ్ళొచ్చిన తాతనో, ముత్తాతనో ఎరిగిన ఇళ్ళు తప్పకుండా ఉంటాయి. వాళ్ళ పేరు, ఊరు, ఏ రేవులో ఓడెక్కారు, ఏ దారిన తిరిగొచ్చారు, వెంట వెళ్ళి రానివాళ్ళు ఎవరు, ఇవి మీకు తెలిసినంత మేరకు ఒక కాగితం మీద రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ వారమే అడగండి. రాసిన కాగితాన్ని మీ ఊరి గ్రంథాలయంలో ఒక ప్రతి ఇవ్వండి. ఆ నలభై వేల మందిలో కొన్ని పేర్లయినా అలా దొరుకుతాయి.