అడవి చేసే ఎరువు, మనం కాల్చే ఎరువు



జూలూరుపాడు పత్తి చేలు దాటితే అడవి తగులుతుంది. అక్కడి టేకుకు, మద్దికి, తునికికి ఎవరూ యూరియా వేయలేదు. అయినా ఏటేటా చిగురిస్తూనే ఉన్నవి. పక్కనే ఉన్న మన చేనుకు మాత్రం బస్తా లేనిదే పైరు లేవదు. ఎందుచేత?

మొక్కకు ఎండ నుంచి శక్తి, నేల నుంచి పోషకాలు రావాలి. తనమీద పడిన ఎండలో నూటికి ఒక పాలు ఆకు పట్టుకుంటే గొప్పే. ఆ ఆకును దుప్పి తింటే సుమారు పదోవంతే దాని ఒంటికి పడుతుంది. దుప్పిని తిన్న చిరుతకు అందులో మళ్లీ పదోవంతు. 1942లో లిండెమన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక చిన్న సరస్సును పరీక్షించి ఇటువంటి లెక్కకు దారి చూపాడు. చెట్లు లక్షలుండి చిరుతలు వేళ్లమీద లెక్కకు రావడం ఇందుకే. వేడిగా పోయిన శక్తి తిరిగి రాదు. రేపు మళ్లీ పొద్దు పొడుస్తుంది గనుక దానికి చింత లేదు.

నత్రజని, భాస్వరం, పొటాష్ సంగతి అట్లా కాదు. అవి చుట్టూ తిరగాలి. రాలిన ఆకును చెదలు, వానపాములు, బూజు, సూక్ష్మజీవులు కుళ్లబెట్టి తిరిగి వేరుకే అందిస్తవి.

మన చేలో ఈ చక్రం ఎక్కడ తెగుతున్నది? దూదిలో కాదు. దూది దాదాపు అంతా గాలీ నీరూ కలిసి అయినదే. సారం గింజలో ఉన్నది, అది మిల్లుకు పోక తప్పదు. పత్తిచెక్క కొని పశువుకు పెట్టి, ఆ పేడను చేనుకు తోలితే కొంత వెనక్కు వచ్చినట్లే. ఇక మిగిలింది పత్తి కట్టె. దాన్ని కుప్పవేసి అంటిస్తున్నాం! అందులోని నత్రజని, గంధకం చాలాభాగం పొగలో పోతవి. బూడిదలో పొటాష్ మిగిలేది నిజమే గాని, అదీ కుప్పవేసిన చోటనే. ఆ నిప్పు గట్టు దాటితే అడవిలోని ఆకుల పొర కూడా అంతే.

"గులాబీ పురుగు ఉంటది, కాల్చక ఏం చేయమంటవు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆఖరు తీత అయినాక, మందు కొట్టడం మాని కొన్నాళ్లు గడిచాక, గొర్రెల మందను దింపండి. విచ్చని కాయలను పురుగుతో సహా తింటవి, పెంటికలు చేలోనే పడతవి. ఆలస్యం చేయక కట్టెను ట్రాక్టరు యంత్రంతో ముక్కలు చేయించి, పేడ ఎరువు చల్లి, నేలలో తేమ ఉండగానే దున్నించండి. విత్తేముందు దున్నితే నష్టం. గట్టి పుల్లను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు కొన్నాళ్లపాటు నేలలోని నత్రజనినే వాడుకుంటవి, పైరు పచ్చబారుతుంది. యంత్రం దొరకనివారు ముక్కలు నరికి, పేడనీళ్లతో గుంతలో పొరలుగా వేయవచ్చు. తడి ఆరనీయరాదు.

బాగా చివికిన పశువుల ఎరువు టన్నుకు నత్రజని సుమారు 5 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైన. ఈ లెక్కన నాలుగు టన్నులకు ఒక బస్తా, ఇంతేనా అనిపిస్తుంది. బస్తాలో ఉన్నది నత్రజని ఒక్కటే. ఎరువులో భాస్వరం, పొటాష్ కూడా ఉంటవి, నేలకు తేమ పట్టే గుణం వస్తుంది.

ఈ ఏడు ఒక్క ఎకరంలో కట్టె కాల్చకుండా చూడండి. తొలకరి పడ్డాక ఆ చెలకలో ఒక పిడికెడు, కాల్చిన చెలకలో ఒక పిడికెడు మన్ను తీసి పక్కపక్కన పెట్టుకోండి. వానపాములు ఎందులో ఉన్నవో పిల్లలచేత లెక్కపెట్టించండి.