గుండె దాటిన జబ్బు

(సూరత్ తెలుగువారి సభలో ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



1895లో భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, న్యూయార్క్‌లో, నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53. ఆ ఏడాదే అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో, గుండెజబ్బు ఎవరికి ఎందుకు వస్తుందో తేల్చడానికి ఊరి జనాన్ని ఏళ్ల తరబడి పరీక్షించే పని మొదలైంది.

రక్తంలోని పదార్థాలను కొలిచే విద్యలో మాత్రం సుబ్బారావుగారు అప్పటికే ముందున్నారు. 1925లో తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి ఆయన ఇచ్చిన పద్ధతిలో రక్తంలోని భాస్వరం నీలిరంగుగా తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వులను కూడా ల్యాబుల్లో దశాబ్దాలపాటు ఆ నీలంతోనే లెక్కకట్టారు.

కొవ్వు నాళాల్లో ఏం చేస్తుందో అంతకుముందే చూశారు. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ అనే శాస్త్రవేత్త కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపించాడు. అది బృహద్ధమని అనే పెద్ద రక్తనాళం గోడల్లో పేరుకుంది. అంటే గుండెజబ్బు మొదటినుంచీ నాళాల జబ్బే. మనమే దాన్ని గుండెకు కట్టిపడేశాం, అదే నా బాధ.

1963లో నార్వేలో కోరె బెర్గ్, రక్తంలో కొవ్వును మోసే లైపోప్రోటీన్-ఏను కనిపెట్టాడు. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేది, పథ్యానికి లొంగదు. చెడు కొలెస్టరాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్‌ను శరీర కణాలు రక్తంలోంచి ఎలా లాక్కుంటాయో చూపిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. 1994లో 4,444 మంది రోగులపై స్కాండినేవియాలో ముగిసిన పరీక్షలో, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మరణాలను 30 శాతం తగ్గించింది.

2006లో వెలువడిన 44 దేశాల అధ్యయనం నన్ను కలవరపెట్టింది. గుండెనాళాల జబ్బున్న ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి మెదడు నాళాల్లోనో కాళ్ల నాళాల్లోనో కూడా జబ్బుంది. అదే ఏడాది వచ్చిన మరో లెక్క సుబ్బారావుగారి సొంత గడ్డది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో జరిగిన మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే.

మన సూరత్‌లోని లింబాయత్, ఉధ్నాల్లో మరమగ్గాల దగ్గర షిఫ్టంతా నిలబడే మనవాళ్లకు పిక్క పట్టేస్తే పని బడలిక అనుకుంటారు. కాస్త గమనించండి. నడుస్తుంటే పట్టేసి, ఆగి నిలబడితే కొద్ది నిమిషాల్లో వదిలే నొప్పి నాళం పూడికకు గుర్తు కావచ్చు. డాక్టరు చేతికీ చీలమండకూ బీపీ చూస్తారు. చీలమండ అంకెను చేతి అంకెతో భాగించినప్పుడు 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే, కాలి నాళంలో అడ్డు ఉన్నట్టే. అంత చవకైన పరీక్షను గుండె రోగికి చేయకుండా పంపించడం తప్పని నా అభిప్రాయం.

2024లో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా మార్గదర్శకాలు ఇచ్చింది. గుండెపోటు వచ్చినవారికీ, కాలి నాళాల జబ్బున్నవారికీ ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 55 మిల్లీగ్రాముల లోపు ఉండాలంది. లైపోప్రోటీన్-ఏ పరీక్ష ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా చేయించుకోవాలంది.

అయ్యా, అమ్మా! మీ ఇంట్లో స్టెంటు వేయించుకున్నవారుంటే, ఈసారి రిపోర్టు చూపించడానికి వెళ్లినప్పుడు కాళ్లూ మెడ నాళాలూ కూడా చూడమని డాక్టరుగారిని అడగండి. స్టాటిన్ మాత్రను ఎవరి మాటో విని ఆపకండి.