శ్రీ కృష్ణారెడ్డి ముద్రాచిత్ర కళ

(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ప్రాణము అచ్చు. తాళపత్రమున ఒక్క ప్రతి యున్ననాడు కావ్యము ఒక యింటి సొత్తు. అచ్చుపడిన పిమ్మట ఊరందరి సొత్తు. చిత్రకళయందును ఇట్టి మార్గ మొకటి కలదు. చిత్రకారుడు లోహపు రేకుపై రూపమును చెక్కి, రంగు పట్టించి, తడిపిన కాగితముపై ఒత్తి తీయును. రేకు అరిగిపోవులోపల కొన్ని ప్రతులు వచ్చును. వానిలో ప్రతి యొక్కటియు మూలచిత్రమే గాని నకలు కాదు. ఈ కళయందు ప్రపంచఖ్యాతి గడించిన తెలుగువారు శ్రీ కృష్ణారెడ్డిగారు.

వారు 1925లో చిత్తూరు జిల్లా నందనూరు గ్రామమున జన్మించిరి. శాంతినికేతనమున నందలాల్ బోసు శిష్యులై చిత్రకళ నభ్యసించిరి. పిమ్మట లండనులో హెన్రీ మూర్ వద్దను, ప్యారిస్‌లో జాడ్కిన్ వద్దను శిల్పకళ నేర్చి, ప్యారిస్‌లోనే హేటర్ నడుపుచుండిన ‘అటెలియే 17’ అను ముద్రణశాలలో చేరిరి. శిల్పి యగుటచే లోహపు రేకు వారికి చదునైన పలక కాలేదు; మిట్టపల్లములు గల నేల అయ్యెను.

అంతకుముందు రంగుల ముద్రాచిత్రమునకు సాధారణముగా రంగునకొక రేకు కావలసియుండెను. ఒక్క రేకుపైననే పెక్కు రంగులు నిలుపు విధానమును కృష్ణారెడ్డిగారు, బొంబాయి చిత్రకారుడు కైకో మోతీ, హేటర్ 1950 తరువాతి యేండ్లలో రూపొందించిరి. దాని కీలకము నూనెయందున్నది. రేకును వేర్వేరు లోతులలో చెక్కుదురు. నూనె హెచ్చుగా కలిపిన పలుచని రంగును గట్టి రోలరుతో దొర్లించినచో అది మిట్టలకే అంటును. పిమ్మట చిక్కని రంగును మెత్తని రోలరుతో దొర్లింతురు. అది పల్లములలోనికి దిగును. మిట్టలపై నున్న పలుచని రంగు చిక్కని రంగును తన మీద నిలువనీయదు. కావున దేని తావున అది యుండును. ఒక్క ఒత్తుడుతో చిత్రము ముగియును.

1963 నాటి వారి ‘సుడిగుండము’ నీటి తిరుగుడును రంగుగీతల వలలో పట్టినది. 1968లో ప్యారిస్ విద్యార్థుల ఆందోళనము ‘ప్రదర్శకులు’ అను చిత్రమునకు ప్రేరణ మయ్యెను. 1972లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించెను. అనంతరము న్యూయార్కున స్థిరపడి, అనేక దేశముల విద్యార్థులకు ఈ విద్యను దాచుకొనక బోధించి, 2018లో అచటనే కీర్తిశేషులైరి.

పల్లెలో పుట్టినవాని పనితనము నేడు న్యూయార్కు మ్యూజియములలో పదిలముగా నున్నది. పెక్కుమందికి చేరవలెననియే పుట్టిన కళ స్వదేశపు పల్లెలకు చేరకుండుట లోటు. ఆ చిత్రముల పుస్తక మొక్కటి ఈ గ్రంథాలయపు బీరువాలో చేరినచో, దానిని తిరుగవేసిన బాలుడు దుక్కిచాలునందును చిత్రమును చూడగలడు. రజతోత్సవమునకు అంతకు మించిన కానుక లేదు.